త్వరణం, గురుత్వం, సాపేక్షత: లెక్కలతో సహా తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, కొరాపుట్, జయపూర్, గుణుపూర్, పర్లాకిమిడి వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదివే పిల్లలు చాలామంది ఉన్నారు. ప్లస్ టూ (ఇంటర్) సైన్సుకు వచ్చేసరికి వాళ్లకు సాపేక్షతా సిద్ధాంతం మీద ఆసక్తి పుడుతుంది, వీడియోలు వెతుకుతారు, ఆ వీడియోల్లో రబ్బరు షీటు మీద ఇనప గుండు పెట్టి ఇదే గురుత్వం అంటారు, లెక్క మాత్రం చెప్పరు. నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం త్వరణం దగ్గరే ఇరుక్కుపోతాయి. త్వరణం అనే ఒకే మాట కింద రెండు వేరు సంగతులున్నాయి, వాటిని విడదీస్తే చిక్కుల్లో చాలావరకు విడిపోతాయని నా గట్టి నమ్మకం, అందుకే ఈ పేజీ.

ఫార్ములాలు గుర్తుల్లో కాకుండా మాటల్లో రాశాను. మీరు ఏ మీడియంలో చదివినా మీ పుస్తకంలోని గుర్తులు పెట్టుకుని కాగితం మీద తిరగరాసుకోండి. పెన్ను పట్టకుండా చదివితే సగమే అందుతుంది.

త్వరణం ఉంటే ప్రత్యేక సాపేక్షత పనిచేయదు, దానికి సాధారణ సాపేక్షత కావాలి అంటారు. నిజమేనా?

కాదు. ఈ మాట కొన్ని పుస్తకాల్లో కూడా ఉంది కాబట్టి గట్టిగానే చెప్తున్నాను. ప్రత్యేక సాపేక్షత పెట్టే షరతు ఒక్కటే: కొలిచేవాళ్లు జడత్వ చట్రంలో, అంటే తమకు త్వరణం లేని చోట, ఉండాలి. కొలిచే వస్తువు ఎంత వేగం పుంజుకున్నా, ఎన్ని మలుపులు తిరిగినా దానికి అభ్యంతరం లేదు. ఐన్‌స్టీన్ 1905లో సిద్ధాంతం ఇచ్చాడు, 1908లో మింకోవ్‌స్కీ దానికి స్థలకాలం అనే జ్యామితి ఇచ్చాడు, ఆ మరుసటి ఏడే మాక్స్ బార్న్ త్వరణంతో కదిలే గట్టి వస్తువుల లెక్క చేశాడు. అప్పటికి సాధారణ సాపేక్షత పుట్టనే లేదు.

ప్రయోగం కూడా ఉంది. జెనీవా దగ్గర సెర్న్‌లో 1970లలో మ్యువాన్లు అనే కణాలను ఏడు మీటర్ల వ్యాసార్ధం ఉన్న వలయంలో దాదాపు కాంతి వేగంతో తిప్పారు. నిలకడగా ఉంటే మ్యువాన్ సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు, ఆ వలయంలో అది సుమారు 64 మైక్రోసెకన్లు అయింది, అంటే కదిలే గడియారం ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే గామా గుణకం 29 పైచిలుకు. వాటి మీద ఉన్న త్వరణం మన గురుత్వ త్వరణానికి సుమారు 10¹⁸ రెట్లు. అంత త్వరణంలోనూ ఆయుష్షు ఎంత పెరగాలో వేగం ఒక్కటే నిర్ణయించింది, త్వరణం తన వంతుగా అదనంగా ఏమీ చేయలేదు. ప్రత్యేక సాపేక్షత లెక్కే సరిపోయింది.

సాధారణ సాపేక్షత అవసరమయ్యేది స్థలకాలం వంగినప్పుడు. ఆ వంపు సంగతి కిందకి వస్తుంది.

త్వరణంలో రెండు రకాలు అన్నారు. ఏమిటవి?

మొదటిది నిరూపక త్వరణం. ఒక చట్రం ఎంచుకుని, అందులో వేగం ఎంత త్వరగా మారుతోందో చూడటం. చట్రం మారిస్తే ఇదీ మారుతుంది. రెండోది సొంత త్వరణం, అంటే వస్తువు తనతో మోసుకెళ్లే మీటరు చూపించేది. ఎవరు ఎక్కడ నుంచి చూసినా ఆ మీటరు మీద అంకె ఒకటే.

ఆ మీటరు మీ ఫోన్‌లోనే ఉంది. సెన్సర్ చూపించే ఏదో ఒక యాప్ వేసుకుని ఫోన్‌ను బల్ల మీద పెట్టండి, కదలకుండా ఉన్న ఫోన్ 9.8 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్ చూపిస్తుంది, అదీ పైవైపుకి. ఇప్పుడు దాన్ని మెత్తటి పరుపు మీద పడేలా వదలండి, పడుతున్న ఆ కాసేపు దాదాపు సున్నా. న్యూటన్ పాఠం చదివిన పిల్లలు ఇక్కడే తికమక పడతారు, ఎందుకంటే పడే వస్తువుకు త్వరణం ఉందని, బల్ల మీది వస్తువుకు లేదని పుస్తకం చెప్పింది, ఫోన్ సరిగ్గా తిరగేసి చెప్తోంది. పుస్తకం చెప్పింది నేల చట్రంలోని నిరూపక త్వరణం, ఫోన్ చెప్పింది సొంత త్వరణం. సాపేక్షతలో బరువుగా తోచేది మొత్తం ఈ రెండోదే: కింద నుంచి బల్ల ఫోన్‌ను తోస్తోంది, భూమి లాగడం మీటరుకు కనబడదు.

లెక్కలో ఇలా వస్తుంది. వస్తువు స్థానాన్ని కాలంతో కలిపి నాలుగు అంకెల సదిశగా రాయండి, వస్తువు సొంత గడియారం చూపే కాలం బట్టి ఒకసారి అవకలనం చేస్తే నాలుగంకెల వేగం, మళ్లీ చేస్తే నాలుగంకెల త్వరణం. నాలుగంకెల వేగం పరిమాణం ఎప్పుడూ కాంతి వేగమే, మారదు, కాబట్టి త్వరణం దానికి ఎప్పుడూ లంబంగా ఉంటుంది. ఆ త్వరణం పరిమాణమే సొంత త్వరణం. సరళరేఖలో వెళ్లే వస్తువుకు సొంత త్వరణం = గామా ఘనం × నిరూపక త్వరణం. స్థిర వేగంతో వలయంలో తిరిగేదానికి గామా వర్గం. పైన మ్యువాన్లకు వచ్చిన 10¹⁸ ఈ రెండో సూత్రంతోనే వచ్చింది, వేసి చూడండి.

రాకెట్ ఆపకుండా 1 జీ (భూమి మీది 9.8) త్వరణంతో పోతూ ఉంటే ఏడాదిలో కాంతి వేగం దాటేయాలి కదా?

న్యూటన్ లెక్కలో దాటేస్తుంది, సుమారు 354 రోజుల్లో. సాపేక్షతలో 1 జీ అనేది సొంత త్వరణం. రాకెట్‌లో కూర్చున్నవాళ్లకు బరువు రోజూ ఒకేలా ఉంటుంది, భూమి నుంచి చూసేవాళ్లకు నిరూపక త్వరణం గామా ఘనంతో తగ్గిపోతూ వస్తుంది. పై సూత్రాన్ని సమాకలనం చేస్తే (టాన్‌హెచ్, సైన్‌హెచ్ అంటే tanh, sinh అనే అతిపరావలయ ప్రమేయాలు):

వేగం = కాంతి వేగం × టాన్‌హెచ్(త్వరణం × సొంత కాలం ÷ కాంతి వేగం)

భూమి కాలం = (కాంతి వేగం ÷ త్వరణం) × సైన్‌హెచ్(త్వరణం × సొంత కాలం ÷ కాంతి వేగం)

టాన్‌హెచ్ ఒకటిని ఎప్పటికీ ముట్టుకోదు, అందుకే కాంతి వేగం అందదు. దూరానికి కాష్‌హెచ్ వస్తుంది. దూరం, కాలం గ్రాఫు మీద ఈ దారి అతిపరావలయం, ప్లస్ టూ లెక్కల్లో శాంకవాలలో చదివినదే.

అంకెలు వేయండి. కాంతి వేగాన్ని 9.8తో భాగిస్తే సుమారు 0.97 సంవత్సరం. రాకెట్ గడియారంలో ఏడాది గడిస్తే భూమి మీద 1.19 ఏళ్లు, వేగం కాంతి వేగంలో 77 శాతం. రాకెట్‌లో ఐదేళ్లకు భూమి మీద సుమారు 84 ఏళ్లు, పదేళ్లకు సుమారు 14,600 ఏళ్లు. ఇంత ఇంధనం ఎక్కడుందని అడుగుతారు, లేదు, కానీ లెక్కకు ఇంధనంతో పనిలేదు.

రాకెట్ ముందు భాగంలోని గడియారం, వెనక భాగంలోని గడియారం ఒకేలా నడవవట. రెండూ ఒకే రాకెట్‌లో ఉన్నాయి కదా?

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. గురుత్వానికి వెళ్లే దారి ఇక్కడ తెరుచుకుంటుంది కాబట్టి తీరిగ్గా చెప్తాను.

తోక దగ్గర ఒక దీపం, ముక్కు దగ్గర ఒక మనిషి. రెండింటి మధ్య కొంత ఎత్తు ఉందనుకోండి. దీపం నుంచి కాంతి పైకి చేరడానికి పట్టే కాలం ఎత్తు ÷ కాంతి వేగం. ఆ లోపు రాకెట్ వేగం పెరుగుతుంది, పెరుగుదల త్వరణం × ఎత్తు ÷ కాంతి వేగం. అంటే కాంతి బయల్దేరినప్పటి దీపంతో పోలిస్తే, అందుకునేటప్పటి మనిషి ఆ వేగంతో దూరంగా పోతున్నాడు. దూరంగా పోతున్న మనిషికి కాంతి పౌనఃపున్యం తగ్గి కనిపిస్తుంది, రైలు మనల్ని దాటి వెళ్లాక కూత మందగించినట్టు ఇది డాప్లర్ ప్రభావం. ఎంత వంతు తగ్గుతుంది? త్వరణం × ఎత్తు ÷ కాంతి వేగం వర్గం. దీపం బదులు గడియారం టిక్కులు పంపినా అంతే, పైవాళ్లకు కింది గడియారం ఆ వంతు మేరకు నెమ్మదిగా నడుస్తున్నట్టు వస్తుంది. రాకెట్ నడుస్తున్నంతసేపూ తేడా పోగవుతూనే ఉంటుంది, కాబట్టి చూడటంలో భ్రమ అని తీసేయడానికి లేదు, చివర్లో రెండు గడియారాలూ పక్కపక్కన పెట్టినా తేడా ఉంటుంది.

ఇందులో ఇంకో సంగతి దాగుంది. రాకెట్ పొడవు దానిలోని వాళ్లకు మారకుండా ఉండాలంటే వెనక భాగం ముందు భాగం కన్నా ఎక్కువ సొంత త్వరణంతో పోవాలి. వెనక్కి వెళ్లేకొద్దీ కావలసిన త్వరణం పెరుగుతూ, కాంతి వేగం వర్గం ÷ త్వరణం అనే దూరం దగ్గర అనంతం అవుతుంది. 1 జీకి ఆ దూరం సుమారు 0.97 కాంతి సంవత్సరం. దానికి అవతల నుంచి బయల్దేరిన కాంతి, ఇంజను ఆపనంతకాలం రాకెట్‌ను ఎన్నటికీ అందుకోలేదు. రిండ్లర్ క్షితిజం అంటారు దీన్ని. చుట్టుపక్కల ఏ బ్లాక్ హోలూ లేదు, స్థలకాలం పూర్తిగా చదునుగానే ఉంది, అయినా క్షితిజం వచ్చింది.

రెండు రాకెట్ల మధ్య దారం కట్టి, రెండూ ఒకే క్షణంలో ఒకే త్వరణంతో బయల్దేరితే దారం తెగుతుందా?

తెగుతుంది. నేల నుంచి చూస్తే రెండింటి మధ్య దూరం మారదు, కానీ దారం వేగం పుంజుకునేకొద్దీ కుదించుకోవాలి, దాన్ని కుదించుకోనివ్వడం లేదు. రాకెట్ల వైపు నుంచి చూస్తే ముందుది దూరంగా జరిగిపోతోంది. దీన్ని జాన్ బెల్ పేరుతో పిలుస్తారు, అంతకు ముందు 1959లోనే డీవన్, బెరాన్ రాశారు. పై జవాబు అర్థమైనవాళ్లకు ఇది ఆశ్చర్యంగా ఉండదు.

తుల్యతా సూత్రం అంటే ఏమిటి? మన ఊరి ఉదాహరణతో చెప్పండి మాస్టారూ.

విశాఖ వైపు నుంచి కొరాపుట్ వచ్చే రైలు ఎక్కండి. బొర్రా చుట్టుపక్కల సొరంగాలు వస్తాయి, బయట ఏమీ కనబడదు. పెట్టెలో ఒక దారానికి తాళంచెవి కట్టి వేలాడదీయండి. 60 మీటర్లకు ఒక మీటరు ఎక్కే వాలు మీద రైలు ఒకే వేగంతో పోతోందనుకుంటే, దారం పెట్టెతో పోలిస్తే సుమారు ఒక డిగ్రీ వెనక్కి వాలి ఉంటుంది. ఇప్పుడు వాలు లేదు, పట్టాలు సమంగా ఉన్నాయి, కానీ రైలు 9.8లో అరవయ్యో వంతు, అంటే సెకనుకు సెకనుకు 0.16 మీటరు చొప్పున వేగం పుంజుకుంటోంది అనుకోండి. దారం అంతే వాలుతుంది. కిటికీలు మూసి ఉంటే, ఆ దారం వాలును బట్టి కొండ ఎక్కుతున్నామో వేగం పెరుగుతోందో చెప్పలేరు.

ఐన్‌స్టీన్ 1907లో, బెర్న్‌లో పేటెంట్ ఆఫీసులో పనిచేస్తుండగా, దీన్ని దారానికి, రాయికి మాత్రమే కాక కాంతితో సహా భౌతికశాస్త్రం మొత్తానికి వర్తింపజేశాడు. అసలు సాహసం అక్కడుంది. ఆధారం ఏమిటంటే అన్ని వస్తువులూ ఒకే త్వరణంతో పడతాయి, బరువు తోనూ పదార్థంతోనూ సంబంధం లేకుండా. మైక్రోస్కోప్ అనే ఫ్రెంచి ఉపగ్రహంలో టైటానియం, ప్లాటినం ముక్కల్ని పోల్చి 2022లో ప్రకటించిన ఫలితంలో 10¹⁵లో కొన్ని వంతుల దాకా తేడా దొరకలేదు.

అయితే దేవమాలి కొండ మీద గడియారం సముద్రం ఒడ్డు గడియారం కన్నా తొందరగా నడుస్తుందా?

నడుస్తుంది. రాకెట్‌లో వచ్చిన సూత్రాన్నే తుల్యతా సూత్రంతో కొండ మీదకు తెచ్చుకోండి. దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు. 9.8ని 1,672తో గుణించి 9 × 10¹⁶తో భాగిస్తే 1.8 × 10⁻¹³. రోజుకు 86,400 సెకన్లు కదా, గుణిస్తే సుమారు 16 నానోసెకన్లు. గోపాల్‌పూర్ బీచ్‌లో ఒక గడియారం, దేవమాలి మీద ఒకటి ఉంచితే ఏడాదికి సుమారు 5.7 మైక్రోసెకన్ల తేడా వస్తుంది. కొరాపుట్ ఊరికి ఇందులో సగం పైచిలుకు.

ఇక్కడ చాలామంది ఒక తప్పు కారణం చెప్తారు: కొండ మీద గురుత్వం తక్కువ కాబట్టి గడియారం తొందరగా నడుస్తుందని. అది కాదు. దేవమాలి మీద గురుత్వ త్వరణం తగ్గేది పదివేలల్లో ఐదు వంతులే, అది అసలు తగ్గకపోయినా గడియారాల తేడా అంతే ఉంటుంది. పై సూత్రంలో త్వరణం ఎత్తుతో గుణించి ఉంది, అంటే ముఖ్యమైనది గురుత్వ శక్మం, అంటే పొటెన్షియల్, లాగే బలం కాదు.

కొలిచారా అంటే, 1960లో హార్వర్డ్‌లో పౌండ్, రెబ్కా 22.5 మీటర్ల టవరులోనే గామా కిరణాలతో కొలిచారు, తేడా 2.5 × 10⁻¹⁵. 2022లో అమెరికాలో స్ట్రాన్షియం పరమాణు గడియారంతో ఒక్క మిల్లీమీటరు ఎత్తులోనే తేడా పట్టుకున్నారు. మీ ఫోన్‌లోని జీపీఎస్ కూడా దీని మీదే నడుస్తోంది: ఉపగ్రహంలోని గడియారం ఎత్తు వల్ల రోజుకు సుమారు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది, వేగం వల్ల 7 వెనకబడుతుంది, మిగిలిన 38 సరిచేయాలి. 38 మైక్రోసెకన్లలో కాంతి 11 కిలోమీటర్లు దాటి పోతుంది.

అంటే గురుత్వం అంటే త్వరణమే, వేరే ఏమీ లేదు అనుకోవచ్చా?

అనుకోకూడదు. తుల్యతా సూత్రం చిన్న పెట్టెలో, కొద్దిసేపే చెల్లుతుంది. పెట్టె పెద్దదైతే గుట్టు బయటపడుతుంది.

పైనుంచి పడుతున్న పెట్టెలో రెండు గోళీలు ఒకదాని పైన ఒకటి, మీటరు దూరంలో వదలండి. కింది గోళీ భూమికి కాస్త దగ్గర కాబట్టి కాస్త ఎక్కువ త్వరణంతో పడుతుంది, రెండూ విడిపోతాయి. ఎంత? 2 × 9.8 ÷ భూమి వ్యాసార్ధం, అంటే మీటరు దూరానికి సుమారు 3 × 10⁻⁶. పక్కపక్కన వదిలితే రెండూ భూమి కేంద్రం వైపే పోతాయి కాబట్టి దగ్గరవుతాయి, దీనికి 2 ఉండదు. ఈ విడిపోవడం, దగ్గరవడం ఏ రాకెట్ త్వరణంతోనూ తీసుకురాలేం, పడిపోవడం ద్వారా పోగొట్టుకోనూ లేం. సాధారణ సాపేక్షతలో గురుత్వం అంటే ఇదే, స్థలకాలం వక్రత అనేది దీన్నే.

గోపాల్‌పూర్ ఒడ్డున ఆటుపోట్లు చూసినవాళ్లకు ఇది కళ్లకు కట్టే సంగతి. సూర్యుడు భూమిని చంద్రుడి కన్నా దాదాపు 180 రెట్లు ఎక్కువ బలంతో లాగుతున్నాడు, అయినా ఆటుపోట్లలో చంద్రుడిదే పెద్ద వాటా, సూర్యుడిది దానిలో సగం కూడా లేదు. కారణం, భూమి సూర్యుడి చుట్టూ స్వేచ్ఛగా పడుతూనే ఉంది, ఆ లాగడం మొత్తం అలా మాయమైపోయింది. మిగిలింది ఇటుపక్కకీ అటుపక్కకీ మధ్య తేడా, అది దూరం ఘనంతో తగ్గుతుంది, చంద్రుడు దగ్గరగా ఉన్నాడు.

అంతరిక్ష కేంద్రంలో బరువు లేదంటే అక్కడ గురుత్వం లేనట్టేనా?

400 కిలోమీటర్ల ఎత్తులో గురుత్వ త్వరణం 8.7, నేల మీది దానిలో దాదాపు 90 శాతం. అందరూ కలిసి పడుతున్నారు, సొంత త్వరణం సున్నా, అంతే.

టెన్సర్లు, క్రిస్టోఫెల్ గుర్తులు చూస్తే టెన్షన్ వస్తోంది. వాటిలో ఏది త్వరణం, ఏది గురుత్వం?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం సిలబస్ తేలిక. మెట్రిక్‌లో 10 అంకెలు, అది గడియారాలు, స్కేళ్లు ఏం చూపిస్తాయో చెప్తుంది. మెట్రిక్‌ను ఒకసారి అవకలనం చేస్తే క్రిస్టోఫెల్ గుర్తులు, 40 వస్తాయి. జియోడెసిక్ (స్వేచ్ఛగా పడే వస్తువు దారి) సమీకరణంలో గురుత్వ బలంలా కనిపించేవి ఇవే. కానీ ఇవి టెన్సర్ కాదు, టెన్సర్ అంటే ఒక చట్రంలో సున్నా అయితే అన్ని చట్రాల్లోనూ సున్నా అయ్యే అంకెల కట్ట. మీరు ఎంచుకున్న ఏ బిందువు దగ్గరైనా స్వేచ్ఛగా పడే చట్రంలోకి మారితే 40కి 40 సున్నా అవుతాయి. పడే ఫోన్ సున్నా చూపించిందే, అదే ఇది.

రెండోసారి అవకలనం చేస్తే రీమాన్ టెన్సర్, 20 స్వతంత్ర అంకెలు. ఇది ఒక చట్రంలో సున్నా కాకపోతే ఏ చట్రంలోనూ సున్నా కాదు. రాకెట్‌లో క్రిస్టోఫెల్ గుర్తులు ఉంటాయి, రీమాన్ సున్నా. భూమి దగ్గర పడే పెట్టెలో మధ్య బిందువు దగ్గర క్రిస్టోఫెల్ సున్నా, రీమాన్ ఉంటుంది, పైన గోళీలకు వచ్చిన 3 × 10⁻⁶ అందులోని ఒక అంకే. ఆ 20లో 10ని రిక్కీ టెన్సర్ అంటారు, అక్కడున్న పదార్థం వాటిని నిర్ణయిస్తుంది, 1915 నవంబరులో ఐన్‌స్టీన్ పూర్తి చేసిన సమీకరణం చెప్పేది అదే. మిగతా 10 ఖాళీ చోటులో కూడా ఉండగలవు, గురుత్వ తరంగాలు వాటిలోనే ప్రయాణిస్తాయి.

కవలల కథలో రాకెట్ తిప్పడం వల్ల, అంటే త్వరణం వల్ల, వయసు తగ్గిందా?

తగ్గలేదు. 4 కాంతి సంవత్సరాల దూరం 0.8 వేగంతో వెళ్లి వస్తే ఇంట్లో 10 ఏళ్లు, రాకెట్‌లో 6 ఏళ్లు. దూరం రెట్టింపు చేస్తే తేడా రెట్టింపవుతుంది, మలుపులో త్వరణం మాత్రం అదే కదా. మలుపు చేసే పని ఒక్కటే, ఆ దారి జియోడెసిక్ కాకుండా చేయడం. స్థలకాలంలో దారి పొడవే గడియారం చూపే కాలం, నేరుగా ఉన్న దారికి అది అన్నిటికన్నా ఎక్కువ.

లిఫ్టులో కాంతి వంగినట్టే సూర్యుడి పక్కన కూడా వంగుతుంది అంటే లెక్క సరిపోతుందా?

సగమే సరిపోతుంది. ఐన్‌స్టీనే 1911లో తుల్యతా సూత్రం ఒక్కదాన్నే పట్టుకుని 0.83 ఆర్క్ సెకన్లు అని వేశాడు. 1915లో పూర్తి సమీకరణాలతో వేస్తే దానికి రెట్టింపు, ఇప్పటి అంకెల్లో 1.75. మొదటి సగం కాలం వంపు నుంచి, రెండో సగం స్థలం వంపు నుంచి. లిఫ్టు చిన్నది, దానికి స్థలం వంపు తెలియదు. 1919 మే 29 గ్రహణంలో బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లో, ఆఫ్రికా పక్కన ప్రిన్సిపె దీవిలో ఫోటోలు తీసినవాళ్లకు రెట్టింపు అంకె వైపే ఫలితం వచ్చింది.

ప్లస్ టూ చదువుతున్నాను. ఏ వరసలో నేర్చుకోవాలి?

ముందు అవకలనం, సమాకలనం, సదిశలు చేతిలో పడాలి. తర్వాత సైన్‌హెచ్, కాష్‌హెచ్, అవి ప్రత్యేక సాపేక్షతలో త్రికోణమితి చేసే పని చేస్తాయి. ప్లస్ త్రీలో (డిగ్రీలో) పాక్షిక అవకలనాలు, మాత్రికలు వస్తాయి, అప్పుడు నాలుగంకెల సదిశలతో రాకెట్ లెక్క మళ్లీ మొదటి నుంచి చేయండి. టెన్సర్లలోకి దూకే ముందు రెండు చిన్న లెక్కలు తప్పకుండా చేతితో చేయాలి. ఒకటి, చదునైన కాగితం మీద ధ్రువ నిరూపకాలు తీసుకుని క్రిస్టోఫెల్ గుర్తులు కట్టడం: అవి సున్నా కావు, అయినా రీమాన్ కడితే సున్నా వస్తుంది. రెండోది, గోళం ఉపరితలం మీద అదే పని: ఈసారి రీమాన్ పోదు, వక్రత విలువ 1 ÷ గోళం వ్యాసార్ధం వర్గం అని వస్తుంది. మొదటిదానిలో రాకెట్, రెండోదానిలో భూమి కనిపించాక, కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ 1916లో ప్రచురించిన మెట్రిక్ తీసుకుని దేవమాలి లెక్క మళ్లీ వేయండి, అదే 1.8 × 10⁻¹³ వస్తుంది.